ఏనుగు హారన్

రాజ్యాలు పోయినా దొరతనం పోని ఒక ఊళ్లో దొరగారు ఆటోమేటిక్ కారు కొన్నారు. తాను వస్తుంటే జనం అరుగుల మీంచి లేవాలని దానికి ఏనుగు ఘీంకారంలాంటి హారన్ బిగించారు. ఆనాటి నుంచీ వీధిలోకి రాగానే గేరు మారక కారు కుదుపులతో ఆగిపోయేది.

“కారు కడిగే పైడితల్లి ముట్టు రోజుల్లో తాకింది. దాన్ని పనిలోంచి తీసెయ్యండి!” అన్నారు దొరగారు.

“ఇవాళా ముట్టే దొరా,” అంది పైడితల్లి. “వెనక సీట్లో కూర్చుంటాను. హారన్ కొట్టకుండా నడపండి. కారు ఆగితే నేనే పోతాను.”

కారు వీధంతా సాఫీగా సాగింది. ఒక్కరూ లేవలేదు. దొరగారు తట్టుకోలేక హారన్ నొక్కారు. గేరు చిక్కుకుని కారు ఆగింది.

పైడితల్లి దిగి బానెట్ ఎత్తింది. “గేర్లకు కరెంటిచ్చే తీగకే మీ ఏనుగును కట్టారు. అది అరిస్తే గేర్లకు కరెంటు చాలదు. తియ్యాల్సింది నన్ను కాదు, దీన్ని,” అంటూ హారన్ తీగ పీకేసింది. కారు కదిలింది.

“మరి జనం లేవరే?” అన్నారు దొరగారు దిగులుగా.

“ఇన్నాళ్లూ లేచింది కారు తొయ్యడానికి దొరా. ఇక వాళ్లకా బాధ తప్పింది!”