పరుగులమ్మ తల్లి వెలసిన వైనం

తెరవానిపాలెం రేవుకు ఉత్తరాన, సముద్రానికి కూతవేటు దూరంలో ఎర్రమట్టి మెట్ట ఒకటి ఉంది. దాని మొదట్లోనే పరుగులమ్మ తల్లి గుడి. గర్భగుడిలో అమ్మవారు కూర్చుని దర్శనమిస్తుంది. కట్టిన బట్ట పీట వరకూ జారి ఉండటంతో పాదాలు కనిపించవు. శిల్పి మరిచిపోయాడని కొందరు, రాయి చాలలేదని కొందరు అంటారు. కొత్తగా వచ్చినవారు ఎవరికి తోచింది వారు చెప్పుకోవడం సహజమే. పెద్దల నోట వినవచ్చే మాట మాత్రం ఇది.

పూర్వం ఇక్కడ చీనా ఓడలు ఆగేవి. పట్టుబట్టలు దింపి, మిరియాలూ నూలుబట్టలూ ఎక్కించుకుపోయేవి. ఆ వర్తకులలో ఒకడు భార్యనూ కూతురినీ వెంట తెచ్చుకుని రేవు పక్కనే ఇల్లు కట్టాడు. భార్య పేరు రూలాన్. ఓడ దిగినా, గడప దాటినా ఆమె బోయీలు మోసే మేనాలోనే. నేల మీద పట్టుమని పది అడుగులు వేయగా ఎవరూ చూడలేదు. దేవతల పాదాలు నేలను తాకవని మనవాళ్ళకు తెలుసు. అందుచేత ఊరు ఊరంతా ఆమెను దేవతగా ఎంచి, మేనాకు ఎదురువెళ్ళి హారతులు పట్టింది. నేల మీద కాలు ఆనిస్తే నొప్పితో ప్రాణం పోయే మనిషికి అంతకన్న ఎగతాళి ఉంటుందా? భాష రాదు గనుక రూలాన్ తల వంచుకుని ఊరుకునేది.

మూడేళ్ళలో భాష పట్టుబడింది. ఇంటికి చేపలు తెచ్చే జాలరి ఎర్నమ్మ ఆమెకు బాగా దగ్గరైంది. ఒక శ్రావణ శుక్రవారం ఎర్నమ్మ పసుపు గిన్నెతో వచ్చి, ముత్తైదువ కాళ్ళకు రాస్తానంది. రూలాన్ కాళ్ళు ముడుచుకుంది. వాళ్ళ దేశంలో పాదాలకు చుట్టిన గుడ్డ కట్లు విప్పి మొగుడికైనా చూపరు. పండుగ పూట పసుపు వద్దనరాదని ఎర్నమ్మ పట్టుబడితే చివరకు విప్పింది. అవి బెత్తెడు పాదాలు. బొటనవేలు తప్ప తక్కిన వేళ్ళన్నీ అరికాలి కిందికి మడతపడి ఉన్నాయి. రెండు వేళ్ళు చీము పట్టి ఏనాడో రాలిపోయాయి. తనకు ఆరేళ్ళప్పుడు తల్లి కట్టిందనీ, ఎముక విరిగి పాదం వంగేదాకా రోజురోజుకూ బిగించిందనీ, ఇప్పటికీ చెమ్మ తగిలితే పుండు పడుతుందనీ రూలాన్ వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎర్నమ్మ ఏడుస్తూనే పసుపు రాసింది. దేవత అన్న మాట ఆ తరువాత ఆమె నోట రాలేదు.

ఇంతలో కూతురు మెయికి ఆరో ఏడు వచ్చింది. జాలరి పిల్లలతో ఇసుకలో గెంతులేస్తూ, పిలిస్తే గాని ఇల్లు చేరని పిల్ల. రెండేళ్ళలో స్వదేశం వెళ్తున్నామనీ, పెద్ద పాదాల పిల్లను ఏ ఇంటివారూ చేసుకోరనీ, ఇప్పటికే ఆలస్యమైందనీ చెప్పి భర్త సరుకుతో మరో రేవుకు వెళ్ళాడు. రూలాన్ వేడినీళ్ళలో పిల్ల పాదాలు నానబెట్టి, గోళ్ళు తీసి, పటిక చల్లి, ఆరు మూరల గుడ్డ బిగించి చుట్టింది. విప్పుకోకుండా కొసలు సూదితో కుట్టేసింది. ఒక్క కుట్టూ వంకర పోలేదు. మెయి ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

ఎర్నమ్మ చేపల బుట్ట దించి గుమ్మంలోనే నిలబడిపోయింది. "సూడు తల్లీ, నీ కాళ్ళు నాను సూసినాను. గుంట కాళ్ళు కూడా అలగే సేసేస్తావేటి?"

"మా అమ్మ రాక్షసి కాదు, ఎర్నమ్మా. నాకు కట్టింది కనకే ఒక ఇల్లు, ఒక మొగుడు దొరికారు. దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు ఎవరు చేసుకుంటారు?" అంది రూలాన్.

కన్నతల్లికి చెప్పేంతదాన్నా అనుకుని ఎర్నమ్మ బుట్ట ఎత్తుకుంది.

కట్లు కట్టిన పన్నెండో నాడు పొద్దెక్కేసరికి గాలివాన ముదిరి ఉప్పెన వచ్చింది. ఊరంతా మెట్ట ఎక్కింది. బోయీలు మేనా వదిలేసి ముందే పోయారు. ఎవరి ప్రాణం వారికి తీపి. రూలాన్ పిల్లను వీపున వేసుకుని పడుతూ లేస్తూ మెట్ట మొదటిదాకా వచ్చి కూలబడింది. ఎత్తు ఎక్కే సత్తువ ఆ పాదాలకు లేదు. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని కట్లు విప్పబోతే తడిసిన కుట్లు గోళ్ళకు లొంగలేదు. పళ్ళతో కొరికి తెంపింది. పన్నెండు రోజులే గనుక ఎముకలు ఇంకా విరగలేదు.

"పరిగెత్తు మెయి. వెనక్కి చూడకు" అంది.

పిల్ల కుంటుతూ, పాకుతూ, చివరకు పరిగెత్తింది. ఎర్నమ్మ సగం దిగివచ్చి చెయ్యి అందుకుంది. అప్పటికే కింద నీళ్ళు తప్ప మరేమీ కనిపించలేదు. పైకి చేరాక మెయి "అమ్మా" అని మూడుసార్లు పిలిచింది. బదులు రాలేదు.

నీళ్ళు తీసిన తరువాత ఒక మధ్యాహ్నం ఎర్నమ్మకు కునుకు పట్టగా రూలాన్ కలలో కనిపించింది. తాను కూర్చున్న చోటే ఉన్నాననీ, అక్కడ ఒక రాతిని నిలపమనీ, పాదాలు మాత్రం చెక్కవద్దనీ, వాటిని చూసి ఇంకెవరూ ముచ్చటపడకూడదనీ చెప్పింది. తిరిగివచ్చిన భర్త, ఇసుకలో పరిగెత్తుకుంటూ ఎదురువచ్చిన కూతురిని ఎత్తుకుని భోరుమన్నాడు. గుడి కట్టించింది అతడే. కూతురి పాదాలకు మళ్ళీ ఎవరూ కట్లు కట్టలేదు. మెయి ఎర్నమ్మ ఇంటనే పెరిగి, ఆమె కోడలైంది. నేటి పూజారులు ఆ వంశంవారే.

ఏటా ఆశ్వయుజ బహుళ పంచమి నాడు ఆరేళ్ళ ఆడపిల్లలను ఇక్కడికి తీసుకువస్తారు. పూజారమ్మ పిల్ల కాళ్ళకు నూలుగుడ్డ వదులుగా చుట్టి మూడు కుట్లు వేస్తుంది. వాటిని తల్లే పళ్ళతో తెంపాలి, కత్తెర పనికిరాదు. పిల్ల మెట్ట ఎక్కుతుంది. తల్లి వెంట వెళ్ళరాదు, కిందనే కూర్చుని ఉండాలి. ఈ మొక్కు తీర్చిన బిడ్డకు కాలి జబ్బులు దరిచేరవనీ, నడిచిన దారి కలిసివస్తుందనీ భక్తుల విశ్వాసం.

పైకి చేరిన పిల్ల "అమ్మా" అని మూడుసార్లు కేక వేస్తుంది. మూడుసార్లూ తల్లి "ఓయ్" అని పలకాలి. గాలి ఎదురుకొట్టి ఆమె గొంతు అందకపోతే, అక్కడ కూర్చున్న తల్లులందరూ కలిసి పలుకుతారు.