వివేకం వారు భూమి చుట్టొచ్చిన వైనం

వివేకం వారి ఇంటిల్లిపాదికీ తెలివంటే ప్రాణం. ఇంటిపేరే వివేకం అయ్యాక ఇంక లోపల వేరే ఏముంటుంది? "మీ ఇంట్లో తెలివి పొంగి పొర్లిపోతోందండీ" అని ఎవరో ఎగతాళికి అంటే, పెద్దవాడు గవర్రాజు ఆ సాయంత్రమే గుమ్మానికి అడ్డంగా సిమెంటు గట్టు కట్టించాడు, పొర్లిందంతా వీధిలోకి పోకుండా. ఇప్పటికీ ఆ ఇంటికెళ్తే గట్టు తన్నుకుని పడాల్సిందే. నేనూ పడ్డాను. నవ్వకండి, మోచెయ్యి గీరుకుపోయింది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. గవర్రాజు, వాడి పెళ్ళాం వరహాలు, తమ్ముడు తాతబ్బాయి, వీళ్ళందరికీ పెద్దదిక్కు మేనత్త మాణిక్యం. తల్లీతండ్రీ లేని ఆ అన్నదమ్ముల్ని ఆవిడే పెంచింది. మా చేపలరేవులో ఐసు ఫ్యాక్టరీ ఉంది చూశారూ, అక్కడ భుజాన గోనెసంచి వేసుకుని, దాని మీద ఐసు దిమ్మ పెట్టుకుని, పడవల దాకా మోసి మోసి పెంచింది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. డాక్టరు ఫొటో తీయించి చూసి, "ఇంక నడక మర్చిపోవాలమ్మా" అన్నాడు.

అంతే. ఆవిడ ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చుని నడక మర్చిపోవడం మొదలెట్టింది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగపట్టి, గంటల తరబడి అదే పని. కాసేపటికి కళ్ళు తెరిచి, "మళ్ళీ గుర్తొచ్చేసిందిరా" అని బావురుమనేది. తాతబ్బాయి పక్కన చేరి, "అత్తా, నువ్వు నడక గురించి ఆలోచించకు, పడుకోవడం గురించి ఆలోచించు" అని ధైర్యం చెప్పేవాడు. పడుకోవడం గురించి ఆలోచిస్తే ఆవిడకి నిద్రొచ్చేది, నిద్రలో నడిచినట్టు కలొచ్చేది, మళ్ళీ మొదటికి.

ఒకరోజు ఆవిడ పిల్లల్ని పిలిచి చెప్పింది. "ఎలాగూ మర్చిపోక తప్పదంట కదరా. మర్చిపోయేలోగా ఒక్కసారి మంచుకొండ మీద నా కాళ్ళతో నేను నడవాలి. ఇన్నాళ్ళూ కరెంటుతో చేసిన ఐసుని నేను మోశాను. కరెంటు లేకుండా, ఎవరూ చెయ్యకుండా, పైనుంచి దానంతటది పడే ఐసు ఉంటుందంటగా, అది నన్ను మొయ్యాలి." అన్నదమ్ములిద్దరూ ఏడ్చారు. వరహాలు కూడా ఏడ్చింది గానీ, అది ఉల్లిపాయలు తరుగుతోంది, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇంకేముంది, రైలెక్కారు, రైలు దిగి బస్సెక్కారు, హిమాలయాల్లో ఓ చిన్న ఊళ్ళో తేలారు. అక్కడ సిమ్మాద్రి అని మన శ్రీకాకుళం ఆయనే, మిలిటరీలో వంట చేసి రిటైరయ్యి, ఆ కొండల పిల్లనే చేసుకుని, చిన్న లాడ్జి నడుపుకుంటున్నాడు. భార్య పుట్టింటికెళ్ళడంతో ఒక్కడే ఉన్నాడు. మన భాష మాట్లాడే మనిషి దొరికాడని వీళ్ళు సంబరపడ్డారు. తన మాట అర్థమయ్యే మనుషులొచ్చారని ఆయనా సంబరపడ్డాడు, పాపం.

లాడ్జి వెనకాలే ఓ గుట్ట, దాని నిండా మంచు. మాణిక్యం చేత్తో తడిమి చూసి, "దిమ్మ కాదురా, పిండి" అంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక్కడుగు వేసిందో లేదో, మోకాలి దాకా దిగబడిపోయింది. అందరూ కలిసి ముల్లంగిని పీకినట్టు పైకి పీకారు. "ఇంత దూరం వస్తే ఇది నన్ను మొయ్యనంటోంది" అని ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏటమ్మా, దీనికే ఏడుస్తారేటి? మంచు చెప్పులున్నాయి కదా," అని సిమ్మాద్రి లోపలికెళ్ళి తెచ్చాడు. చేటంతేసి ఉన్నాయి. కర్రని వంచి, మధ్యలో తోలుపట్టీలు అల్లారు, వెనకాల సన్నంగా తోకలా ఉంది. "మనిషి బరువంతా ఈ చేట మేర పరుచుకుంటాది, కాలు దిగదు. ఇక్కడోళ్ళు చలికాలమంతా దుప్పటి కప్పుకుని కూకోరు, ఇవి కట్టుకుని కొండలమీద తిరుగుతారు. ఆ సరదా మీకూ చూపిస్తాను. రేపు పొద్దున్నే గుట్ట ఎక్కుదాం. సాయంత్రం బస్సుకి మాత్రం మీరెళ్ళిపోవాలి. అదే ఆఖరి బస్సు, తరవాత వేసవి దాకా దారి మూసీస్తారు." అలా చెప్పి, చెప్పులు వాళ్ళ చేతికిచ్చి, పప్పు పొయ్యి మీదుందని లోపలికెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే వీళ్ళు సభ తీర్చారు.

"తోలు చెప్పులు తోలుతో చేస్తారు. మంచు చెప్పులు మంచుతో చెయ్యాలి. ఇవి కర్రతో చేశారేంటి?" అంది వరహాలు.

"అక్కడే ఉంది కిటుకు," అన్నాడు గవర్రాజు. "గవర్రాజు చెప్పులంటే ఎవరివి? నావి. మాణిక్యం చెప్పులంటే? అత్తవి. మరి మంచు చెప్పులంటే?"

"మంచువి," అన్నాడు తాతబ్బాయి, నోరు తెరిచి.

ఆ మాటతో ఇంటిల్లిపాదికీ ఒళ్ళు పులకరించింది. పరాయివాళ్ళ చెప్పులు తీసుకొచ్చేశాడు ఈ సిమ్మాద్రి, చూస్తే మర్యాదస్తుడిలాగే ఉన్నాడు అనుకున్నారు. చెప్పులన్నీ తీసుకెళ్ళి, గుట్ట మొదట్లో మంచు ముందు జతలు జతలుగా పేర్చి, "వేసుకోమ్మా, అసలే చలి" అని చెప్పి వచ్చి పడుకున్నారు. తెల్లారేసరికి కొత్త మంచు దట్టంగా పడింది.

"చెప్పులేవండి బాబూ?" అని అడిగాడు సిమ్మాద్రి.

"మంచు వేసుకుంది," అన్నాడు గవర్రాజు.

సిమ్మాద్రి వెళ్ళి చూశాడు. నిజంగానే ఒక్కటి కూడా కనబడలేదు. పొడుగాటి కర్ర తీసుకుని గుట్ట మొదలంతా పొడిచి పొడిచి వెతికాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అన్నీ దొరికాయి. అప్పటికి ఆయన ముక్కు ఎర్రబడింది, మనసు విరిగింది. "ఇంక మీకో నమస్కారం. గుట్టా లేదు, గిట్టా లేదు. పెట్టెలు సర్దుకోండి," అన్నాడు.

మాణిక్యం ఆయన కాళ్ళకి అడ్డం వచ్చి నిలబడింది. "నాయనా, నా కాళ్ళు ఇవాళ ఉన్నట్టు రేపుండవు. నువ్వు వీళ్ళని చూసి తీసికెళ్ళకు, నన్ను చూసి తీసికెళ్ళు," అంది.

సిమ్మాద్రికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది కాబోలు, చప్పున మెత్తబడ్డాడు. వంగి తనే ఆవిడ కాళ్ళకి పట్టీలు బిగించాడు. చేతికి ఊతకర్ర ఇచ్చాడు. తక్కినవాళ్ళూ చెప్పులు కట్టుకున్నాక వాళ్ళ వైపు తిరిగి, "ఇదిగో, ఇంక మీ తెలివి వాడొద్దు. నన్ను అడక్కుండా ఒక్కడుగు కూడా వెయ్యొద్దు. తెలిసిందా?" అన్నాడు.

తెలిసిందన్నారు. అంతే.

"సిమ్మాద్రి గారూ, కుడికాలు వెయ్యనా?"

"వెయ్యండి."

"ఇప్పుడు ఎడంకాలు?"

"వెయ్యండి బాబూ."

"నేను కుడికాలు వేశానండీ, తమ్ముడు ఎడమది వేశాడు, ఇప్పుడు ఎవరి వంతు?" ఇలా నలుగురూ, కాలు కాలికీ. గుట్ట మొదలు దాటకుండానే ఆయన గొంతు బొంగురుపోయింది. "అడగొద్దు. ఇంకేమీ అడగొద్దు. నా అడుగులో అడుగేసి రండి చాలు," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గవర్రాజు వెంటనే ఒక్క అంగలో వెళ్ళి, ఆయన కాలు ఇంకా అక్కడుండగానే దానిమీద తన కాలు పెట్టేశాడు. సిమ్మాద్రి రెండోకాలు లేపబోయి ధబ్బున బోర్లా పడ్డాడు. గవర్రాజు ఆయన మీద, గవర్రాజు మీద తాతబ్బాయి, వాడి మీద వరహాలు. మాణిక్యం ఒక్కతే నిలబడి ఉంది, ఆవిణ్ణి మంచు మోస్తోంది కాబట్టి.

"నేను కాలు తీశాక వెయ్యాలయ్యా," అన్నాడు సిమ్మాద్రి మూతికంటుకున్న మంచు ఊస్తూ.

"మీరు కాలు తీసేశాక అక్కడ మీ అడుగెక్కడుంటుందండీ? గొయ్యి ఉంటుంది. గోతిలో కాలెయ్యమంటారా?" అన్నాడు గవర్రాజు జాలిగా.

సిమ్మాద్రి లేవబోతే ఆయన చెప్పు పట్టీ పుటుక్కున తెగిపోయింది. అది ముడెయ్యకుండా ఆయన కదలలేడు. చలికి వేళ్ళు వంగటం లేదు. పొద్దు చూస్తే వాలుతోంది. "అమ్మా, మీరు మెల్లిగా ఎక్కుతూ ఉండండి, నేనొచ్చి కలుసుకుంటాను. ఒక్క మాట గుర్తెట్టుకోండి. ఈ చెప్పులతో వెనక్కి వెళ్ళకూడదు. వెనక్కేస్తే తోక దిగబడి ఎల్లకిలా పడతారు. ఏం జరిగినా ముందుకే," అన్నాడు.

వరహాలు వెనకాల చేత్తో తడుముకుని, "నాకింకా రాలేదండీ" అంది.

నలుగురూ కదిలారు. ఇంక చెప్పొద్దూ, మాణిక్యం నడక చూడాలి. కాళ్ళు ఎడంగా పెట్టి, బాతులా అటూ ఇటూ ఊగుతూ, సరక్ సరక్‌మంటూ ఎక్కేస్తోంది. కింద మెత్తగా ఉండటంతో మోకాళ్ళు కూడా పెద్దగా గోల చెయ్యలేదు. దేవదారు చెట్ల మధ్య ఎక్కడా చప్పుడు లేదు. కాసేపటికి ఒంట్లో వేడి పుట్టి శాలువా తీసి నడుముకి చుట్టుకుంది. "మోస్తోందిరా, నన్ను మోస్తోంది," అని మాటిమాటికీ వెనక్కి చూసి చెప్పింది, మళ్ళీ వెనక్కి చూడకూడదేమోనని నాలిక్కరుచుకుంది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, మధ్యలో ముక్కు చీదుతోంది. నేను చూడలేదు గానీ, చూసుంటే నేనూ ఏడ్చేవాణ్ణి.

గుట్ట నెత్తికెక్కేశారు. తాతబ్బాయి గుప్పెడు మంచు నోట్లో వేసుకుని, "సోడా కలిస్తే బాగుండేది" అన్నాడు. అప్పుడే కిందనుంచి సిమ్మాద్రి కేక వినబడింది. పట్టీ ముడి నిలవలేదు, ఆయన అక్కడే చతికిలబడిపోయాడు. "బస్సు టైమైపోతోంది. వెనక్కి వచ్చీండి."

వీళ్ళు మొహామొహాలు చూసుకున్నారు.

"ఇందాక వెనక్కి వెళ్ళకూడదన్నాడు. ఇప్పుడు వచ్చీమంటున్నాడు," అంది వరహాలు.

"పరీక్ష పెడుతున్నాడే. మనకి తెలివుందో లేదో చూస్తున్నాడు," అన్నాడు గవర్రాజు. "భూమి గుండ్రంగా ఉంటుందని బళ్ళో చెప్పారు. ముందుకే పోతే ఏదో ఒక పూటకి మనింటికే చేరతాం. వెనక్కి తిరగాల్సిన పనేముంది?"

మాణిక్యానికి ఆ మాట తేనెలా ఉంది. ఎంత ముందుకెళ్తే అంత నడక కదా. "పదండ్రా," అని తనే ముందు బయల్దేరింది. కింద సిమ్మాద్రి గుండె బాదుకుంటున్నాడు. వీళ్ళు చెయ్యి ఊపి అవతలివైపు దిగారు.

దారిలో బొచ్చున్న బర్రె ఒకటి కనబడింది. చైనా వచ్చిందనుకున్నారు. చదునుగా మంచు కప్పిన పొలం వచ్చింది. ఇది సముద్రం, గడ్డకట్టింది, చప్పుడు చెయ్యకుండా దాటండి అన్నాడు గవర్రాజు. కట్టెలమోపుతో ఓ ముసలమ్మ ఎదురై వాళ్ళ భాషలో ఏదో అంటే, అమెరికావాళ్ళు కూడా కట్టెలే వాడుతున్నారే అని వరహాలు జాలిపడింది. ఆ దారి గుట్టని ఓ చుట్టు చుట్టి, సరిగ్గా సిమ్మాద్రి లాడ్జి పెరటి తలుపు దగ్గరికే తెచ్చి వదిలింది.

తోసుకుని లోపలికెళ్ళారు. ఎదురుగా వాళ్ళ పెట్టెలు.

"మన పెట్టెలు ఎక్కడుంటాయి?" అన్నాడు గవర్రాజు.

"మనింట్లో," అన్నారందరూ.

"చూశారా. వచ్చేశాం. భూమి ఇంత చిన్నదని తెలీక జనం విమానాలెక్కి పాడైపోతున్నారు."

"మరి వంటిల్లు ఇటువైపుకి వచ్చిందేంటి?" అంది వరహాలు.

"మనం లేనప్పుడు మారుంటుందిలే."

మాణిక్యం కిటికీ తెరిచి చూసి కేక పెట్టింది. "మన రేవులో మంచు పడిందర్రా. ఇంక నేను రోజూ నడుచుకుంటాను." గోడకి చేరగిలబడి, మంచు అంటిన పాదాలు చూసుకుంటూ మురిసిపోయింది. అంత సంతోషం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎరగరు.

ఇంతలో సిమ్మాద్రి కుంటుకుంటూ, రొప్పుకుంటూ వచ్చి పడ్డాడు. నలుగుర్నీ చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "బతికున్నారా తల్లీ" అంటూ గోడ పట్టుకున్నాడు.

"రండి రండి సిమ్మాద్రి గారూ, మమ్మల్ని చూడ్డానికి ఇంతదూరం వచ్చారా?" అని మాణిక్యం తన శాలువా పరిచి కూర్చోబెట్టబోయింది. "వరహాలూ, ఆయనకి టీ పెట్టు. మొదటిసారి మనింటికొచ్చారు."

ఆయనేదో అనబోయాడు. బయట బస్సు హారన్ మోగింది. ఆఖరి బస్సు. "మాటలొద్దు, నడవండి, నడవండి" అంటూ ఆయనే పెట్టెలు రెండు చేతులా పట్టుకుని, సంచులు మెళ్ళో వేసుకుని, బయటికి ఉరికాడు. వీళ్ళు సాగనంపడానికి వెనకాలే వెళ్ళారు.

"మన పెట్టెలు పట్టుకుపోతున్నాడేంటండీ?" అంది వరహాలు.

"ఊరుకోవే. ఇంటికొచ్చిన మనిషికి మనం ఓ పంచెల జతన్నా పెట్టలేదు. ఉంచుకోనీ," అన్నాడు గవర్రాజు.

సిమ్మాద్రి బస్సెక్కి, లోపల వాళ్ళ సీట్ల పైన పెట్టెలు సర్దుతున్నాడు. తాతబ్బాయి ఎంతైనా మర్యాద తెలిసినవాడు. వెళ్ళే మనిషిని ఆలస్యం చెయ్యకూడదని, బస్సు వెనకాల రేకు మీద గట్టిగా చరిచి, "రైట్, రైట్" అన్నాడు.

బస్సు కదిలింది. దిగుడు దారి, పైగా మంచు, ఆపితే జారిపోతుందని డ్రైవరు ఆపలేదు. సిమ్మాద్రి కిటికీలోంచి సగం బయటికొచ్చి, రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు.

"పాపం, వెళ్ళబుద్ధి కావట్లేదు," అని మాణిక్యం కొంగుతో కళ్ళొత్తుకుని, తనూ చెయ్యి ఊపింది. "ఈసారి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఉండేలా రా నాయనా."