జీలకర్ర మడికి తిట్ల ఎరువు

రోమా నగరంలో డెమోఫిలస్ అనే గురువు ఎవరినీ తిట్టేవాడు కాడు. శిష్యుడు గేవియస్‌కు అదొక పెద్ద లోటుగా తోచింది. ఇరవై ఏళ్ళొచ్చినా అతనికి చదువు ఒంటబట్టలేదు మరి.

"గురువుగారూ, పక్కవీధి పంతులు శిష్యుల మీద దుమ్మెత్తిపోస్తాడు. వాళ్ళు గడగడా అప్పజెబుతారు. మీరు తిట్టకపోబట్టే నేనిలా మిగిలిపోయాను" అన్నాడు ఒకనాడు.

"మీ తోటలో కార్పస్ చిక్కులో ఉన్నాడట. వెళ్ళి సాయపడు" అని మాత్రం అన్నాడు గురువు.

కార్పస్ గేవియస్ ఇంట్లో బానిస, తోటమాలి. జీలకర్రను నోటికొచ్చినట్టు తిడితేనే మొలుస్తుందని రోమనుల నమ్మకం. కార్పస్ చూస్తే గాడిదను కూడా 'మీరు' అనే మనిషి. కిందటేడు పంట పోయింది. ఈసారి పదిహేను రోజుల్లో మొలకెత్తకపోతే తిరగలి తిప్పే కొట్టానికి తోలేస్తానన్నాడు గేవియస్ తండ్రి. అక్కడికి పోయినవాడు మళ్ళీ మనిషిగా తిరిగిరావడం ఎవరూ చూడలేదు.

గేవియస్‌కు జాలేసింది. హుషారు కూడా వచ్చింది. రోజూ తెల్లారగానే మడి గట్టున నిలబడి, "నీ వంశం మట్టిలో కలవ! మొలిచావంటే చూడు!" అంటూ జీలకర్ర ఏడు తరాలనూ దులిపేసేవాడు. పాఠం దగ్గర పెగలని నోటికి ఇక్కడ తడుముకోవడమన్నదే లేదు. వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది.

పదిహేనో రోజున తండ్రీ, గురువూ తోటకు వచ్చారు. పచ్చటి మొలకలు బారులు తీరి ఉన్నాయి, గోడవారనున్న వేరే మడిలో! గేవియస్ తిట్టిన మడి బోడిగా ఉంది. తండ్రి మొలకలు చూసి, "శభాష్, బాగా తిట్టారు" అని వెళ్ళిపోయాడు. కార్పస్ ఉన్నచోటే కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

"నేను తిట్టింది దీన్ని కదయ్యా!" అన్నాడు గేవియస్.

"అందులో ఏమీ చల్లలేదు చినబాబుగారూ. అది ఖాళీ మడి."

"మొదటిరోజే చెప్పొద్దూ?"

"అంత కమ్మగా తిడుతున్నారు, ఆపబుద్ధి కాలేదండీ. అటు నీళ్ళు పోసుకుంటూ వింటూ ఉన్నాను."

గేవియస్‌కు తలెత్తబుద్ధి కాలేదు. గురువు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నిన్ను తిట్టడానికి నాకేం కష్టం లేదు నాయనా. ముందు, విత్తనం చల్లిన మడి ఎటుందో చూపించు."