అప్పడాల గీత పైకెక్కిన వైనం

దోసకాయలపాడులో నూకరాజు ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు కాబట్టి, పాపం వాళ్ళే అనుకోవాల్సొచ్చేది.

"మనంత బుర్ర ఈ జిల్లాలో ఎవరికీ లేదర్రా," అనేవాడు నూకరాజు కాఫీ తాగుతూ.

"ఆయ్, లేదండి," అనేది పెళ్ళాం వరహాలమ్మ.

"ఉంటే మనకి తెలిసేది కదన్నయ్యా," అనేవాడు తమ్ముడు అబ్బులు.

వాళ్ళది అప్పడాల వ్యాపారం. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు. ఆ వేసవంతా వరహాలమ్మ చేతులు కాయలు కాసేలా అప్పడాలు ఒత్తి, ఎండబెట్టి, డబ్బాలకెత్తింది. కొనే నాథుడు లేడు. మబ్బులేమో కమ్ముకొచ్చేస్తున్నాయి. వానలు పట్టుకుంటే అప్పడాలు మెత్తబడి బూజెక్కుతాయి, ఆవిడ కష్టమంతా మట్టిపాలవుతుంది. తలుచుకుంటే ఆవిడకి ఏడుపొచ్చేది. రాదూ మరి!

కాకినాడలో కంప్యూటరు ఉద్యోగం చేసే మేనకోడలు హిమజ చూడ్డానికొచ్చి, నూకరాజు ఫోనులో ఒక యాప్ పెట్టింది. "మావయ్యా, జనం ఫోన్లలో ఏ మాట ఎక్కువ వెతుకుతున్నారో ఇది చూపిస్తుంది. గీత పైకెళ్తే ఆ మాటకి గిరాకీ ఉన్నట్టు. దాన్ని కీవర్డ్ అంటారు. ఆ మాటని నీ అప్పడాలతో కలిపి ఫేస్‌బుక్కులో రాస్తే జనం వస్తారు," అని చెప్పి బస్సెక్కేసింది.

ఇంకేముంది, ముగ్గురూ ఫోను మీద పడ్డారు. అన్నిటికంటే పైన 'బల్లి మీద పడితే ఏమవుతుంది' అని ఉంది.

"బల్లికి భలే గిరాకీ ఉందన్నయ్యా!" అన్నాడు అబ్బులు.

అంతే. 'బల్లి పడిన అప్పడాలు. తాజాగా ఉన్నాయి. తప్పక రండి' అని రాసి పెట్టేశారు.

జనం వచ్చారు. దుమ్మెత్తిపోయడానికి వచ్చారు. ఎప్పుడో కొన్న డబ్బాలు కూడా తెచ్చి నూకరాజు మొహాన కొట్టారు. నూకరాజు మాత్రం తెగ మురిసిపోయాడు. "చూశావటే, ఒక్క బల్లికే ఇంతమందొచ్చారు!"

మర్నాడు మోకాళ్ళ నొప్పుల గీత పైకెళ్ళింది. 'మోకాళ్ళ నొప్పుల అప్పడాలు' అని రాశారు. అది చూసి పాపం సోమయాజులు మేష్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"ఇవి తింటే నొప్పులు తగ్గుతాయా?"

"ఎందుకు తగ్గుతాయండీ?" అన్నాడు అబ్బులు. "మా వదిన పీట ముందు కూచుని ఒత్తి ఒత్తి తెచ్చుకున్న నొప్పులండి. అసలు సిసలువండి!"

మేష్టారు కర్ర పైకెత్తారు. అబ్బులు వీధి చివర తేలాడు.

సంగతి తెలిసి హిమజ ఫోను చేసి తలబాదుకుంది. "బల్లులూ మోకాళ్ళూ కాదు మావయ్యా! అప్పడాలన్న మాట గీత చూడు."

చూస్తే అది కిందికి జారుతోంది. అబ్బులు ఫోను తలకిందులు చేశాడు. అయినా గీత కిందికే జారింది. "ఎంత మొండిదో!" అని తిట్టి, అద్దంలో చూపించాడు. అద్దంలో గీత పైకెళ్ళింది! ముగ్గురూ ఎగిరి గంతేశారు.

"అయితే అద్దంలో ఉన్నవాళ్ళు మన అప్పడాలు కొంటారన్నమాట," అంది వరహాలమ్మ. అద్దంలోకి తొంగి చూసి నీరసపడిపోయింది. "ముగ్గురే ఉన్నారండీ! వాళ్ళకి ఇన్ని డబ్బాలెందుకు?"

ఎక్కువమంది వెతికితేనే గీత పైకెళ్తుందని హిమజ మళ్ళీ చెప్పింది. ఇంకేముంది, ముగ్గురూ తిండి మానేసి 'అప్పడాలు, అప్పడాలు' అని ఫోనులో వెతుకుతూనే ఉన్నారు. చుట్టాలందరి చేతా వెతికించారు. గీత రయ్యిమని పైకెక్కింది. ఆ గీతని ఫేస్‌బుక్కులో కూడా పెట్టేశారు. అది చూసి ఊళ్ళోవాళ్ళు, అప్పడాలకి కరువొచ్చేస్తోందని హడలిపోయి సంచులు పట్టుకుని కొట్టు మీదికి వచ్చిపడ్డారు.

"నూకరాజు గారూ, అప్పడాలున్నాయా?"

నూకరాజు చుట్టూ డబ్బాలే. కానీ ఫోను చూడకుండా మాట చెప్పడం ఆయన ఎప్పుడో మానేశాడు. "ఉండండి, వెతికి చెప్తా," అని ఫోను తీశాడు. "ఆఁ, దొరికాయి! ఎవరో నూకరాజు అట. అప్పడాల కొట్టట. రైలుగేటు వీధిలోనట. పదండి, నేనూ వస్తా!"

వెనక వరహాలమ్మ ఉందన్న ధ్యాస కూడా లేకుండా కొట్టుకి తాళం వేశాడు. అబ్బులు ఫోను పట్టుకుని ముందు నడిచాడు. ఆ కంగారులో జనం కూడా వెనకే పరిగెత్తారు. రైలుగేటు దాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఫోను చెప్పినట్టే నడిచి, తాళం వేసున్న కొట్టు ముందు ఆగారు.

"చూశారా! ఇంత గిరాకీ ఉన్న పూట మూసుకుపోయాడు. ఏం మనిషండీ!" అని నూకరాజు తలుపు దబదబా బాదాడు. "నూకరాజు గారూ!"

"ఆయన లేరండి," అంది లోపల్నుంచి వరహాలమ్మ. "అప్పడాలు వెతకడానికెళ్ళారు. తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉందండి."

జనానికి అప్పటికి సంగతి బోధపడింది. నెత్తిన చేతులు పెట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. నూకరాజు మాత్రం అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

"ఫర్లేదమ్మా, ఆయనొచ్చేదాకా నేను కదల్ను. రాగానే గట్టిగా నాలుగు చీవాట్లు పెడతా," అన్నాడు.

టపటపా వాన మొదలైంది.