గుర్తు లేని బట్టలు

ఒక నగరంలో బట్టలుతికే మనిషి ఒకామె ఉండేది. మిల్లు కూలీల బట్టలు, రిక్షా తొక్కేవాళ్ల బట్టలు, కోటలో రాజు బట్టలు, అన్నీ ఆమె రేవుకే వచ్చేవి. ఉతకబోయే ముందు ప్రతి బట్ట అంచునా నల్లజీడి రసంతో చిన్న గుర్తు పెట్టేది. ఒక ఇంటికి చుక్క, ఇంకో ఇంటికి గీత. ఎన్ని ఉతుకులు ఉతికినా అది చెరగదు. అందుకే ఆ పేటలో ఒకరి చొక్కా ఇంకొకరి ఒంటిమీదికి ఎన్నడూ వెళ్లలేదు.

ఆ ఏడు యుద్ధం వస్తుందన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మిల్లులో పూల చీరలు ఆపేసి ఖాకీ గుడ్డ నేయించారు. బియ్యం కొట్టు ముందు క్యూ సందు చివరిదాకా పెరిగింది. పేటలో వయసొచ్చిన మగపిల్లలందరినీ సైన్యంలోకి రాసుకున్నారు. ఆమె ఒక్కగానొక్క కొడుకునీ రాసుకున్నారు. గుప్పెడు బియ్యం అడిగితే లేవన్నవాళ్లు, తుపాకి మాత్రం అడక్కుండానే ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఏం ధర్మబుద్ధో!

రేపు యుద్ధమనగా సైన్యం బట్టలన్నీ ఉతికి గంజిపెట్టమని రేవుకి పంపారు. గుర్తు పెట్టడానికి ఆమె నల్లజీడి గింజ చేతిలోకి తీసుకుంది. పక్కనే నిలబడ్డ దళపతి వద్దన్నాడు.

"గుర్తులేం పెట్టకు."

"పెట్టకపోతే ఎవరి చొక్కా ఎవరిదో ఎట్టా తెలుస్తది దొరా?"

"తెలియక్కర్లేదు. ఒకడు పడిపోతే అది ఇంకొకడు తొడుక్కుంటాడు."

"మరి పడిపోయినోడి అమ్మకి ఏమిస్తారు?"

"ఉన్నవాటిల్లో ఏదో ఒకటి ఇస్తాం."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. నవమాసాలు మోసి, గంజినీళ్లు తాగి పెంచిన బిడ్డకి బదులు ఏదో ఒక చొక్కానా? రేపు వాడు నేలకొరిగితే వాడెవడో చెప్పే ఆనవాలే ఉండదు.

"నా బిడ్డ చొక్కా ఒక్కదానికన్నా పెట్టనియ్యి దొరా."

"ఆజ్ఞంటే అందరికీ ఆజ్ఞే."

"అందరికీనా?"

"అందరికీ!"

ఆ సాయంత్రం రాజు పట్టుబట్టలు కూడా వచ్చాయి. మర్నాడు మేడమీద నిలబడి సైన్యాన్ని సాగనంపాలని ఉన్నవన్నీ ఉతుక్కి పంపాడు. ఆజ్ఞ అందరికీ కదా, ఆమె వాటికీ కొత్త గుర్తు పెట్టలేదు, ఉన్న పాత గుర్తు చూడనూ లేదు. అన్నీ కలిపి ఉతికింది, చేతికొచ్చినట్టు మూటలు కట్టి పంచేసింది.

తెల్లవారి రాజు మూట విప్పితే లోపల ఒకే ఒక్క ఖాకీ జత ఉంది. నౌకరు రేవుకి పరిగెత్తి జవాబు తెచ్చాడు.

"గుర్తులొద్దన్నారు మీరే, పట్టుబట్టలు ఎవరింటికి చేరాయో నాకేం తెలుసు, అంటోందండీ."

రాజు మండిపడ్డాడు. గోచీతో వీధిలోకి వెళ్లి కేకలెయ్యలేడు కదా, ఆ ఖాకీయే తగిలించుకుని కిందికి పరిగెత్తాడు. కోట గుమ్మం ముందు సైన్యం వరసగా నిలబడి ఉంది. దళపతి మనుషుల మొహాలు చూడటం ఎప్పుడో మానేశాడు. కాలరు పట్టుకుని రాజుని ముందు వరసలోకి తోశాడు.

"నేను రాజుని!"

"రాజుగారు ఖాకీ వేసుకోరు. నడు."

నిజమే, ఆ నగరంలో ఏ రాజూ ఏనాడూ వేసుకోలేదు. చేతికి తుపాకి ఇచ్చారు. డప్పు మోగింది, వరస కదిలింది. బరువు తన భుజాన పడ్డాక గానీ రాజుకి ఆ ప్రశ్న తట్టలేదు. పక్కన నడుస్తున్న ఉతికే మనిషి కొడుకుని అడిగాడు.

"ఇంతకీ ఈ యుద్ధం దేనికి?"

"మనకేం తెలుసన్నా," అన్నాడు వాడు. "అది రాజుగారికి తెలుసంట."