ఏటి నడుమ పురుడు

అనగనగా అంటే "ఊఁ" అనాలి బంగారం, లేకపోతే కథకి నిద్రొచ్చేస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో, పెద్ద ఏటి ఒడ్డున, అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. వలలు అల్లుకుని బతికేది. ఆవిడకి ఒక్కతే కూతురు, లోవతల్లి. ఆ పిల్లని ఎదురొడ్డు ఊళ్ళో నూకరాజుకిచ్చి పెళ్ళి చేసింది. దూరమేముంది? ఇటు పొయ్యి వెలిగిస్తే అటు పొగ కనపడేంత. పొద్దున్నే పడవెక్కితే ఎండ ముదరకముందే అల్లుడింట్లో చద్దన్నం తినొచ్చు.

అప్పుడు లోవతల్లి నీళ్ళోసుకుంది. తొలిచూలు కదా, పుట్టింట్లోనే పురుడు పోసుకోవాలి. అచ్చియ్యమ్మ తన పాత చీరలన్నీ ఉతికి, మెత్తగా పొత్తిగుడ్డలు చింపి పెట్టుకుంది. వసకొమ్ము ఎండబెట్టుకుంది. ఏడో నెల రాగానే తీసుకొద్దామనుకుంది.

ఇంతలో ఈ ఒడ్డు రాజుకీ ఆ ఒడ్డు రాజుకీ దెబ్బలాటొచ్చింది. ఎందుకొచ్చిందంటావా? ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు, ఆ ఊళ్ళోనూ ఎవరికీ తెలీదు. "అవతలివాళ్ళు శత్రువులహో" అని దండోరా మాత్రం వేశారు.

మొదట సైనికులొచ్చి పడవలు పట్టుకుపోయారు. ఆ తర్వాత వచ్చి గాదెల్లో గింజలు ఊడ్చుకుపోయారు. ఆ తర్వాత వచ్చి మగవాళ్ళని తోలుకుపోయారు. ఎదురొడ్డునా అంతే. ఊళ్ళో కోళ్ళు కూడా గొంతు తగ్గించి కూసేవట.

అప్పుడు అచ్చియ్యమ్మ మూట కట్టుకుని రేవుకెళ్ళింది. కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎక్కడికే ముసలమ్మా? అవతల శత్రువులున్నారు."

"శత్రువులేంటి బాబూ? మా అమ్మాయి ఉంది. నెలలు నిండుతున్నాయి."

"అయితే శత్రువు తల్లివి నువ్వు. పో వెనక్కి."

పోయింది పాపం. ఆ తర్వాత ఓ పొద్దున చంకల కింద ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఏట్లో దిగింది. నడుం లోతు వెళ్ళిందో లేదో, సొంత ఊరి గట్టు మీంచే బాణం వచ్చి పక్కన పడింది. వెనక్కొచ్చి, తడిసిన పొత్తిగుడ్డలన్నీ మళ్ళీ ఆరేసుకుంది. ఆరేస్తూ ఏడ్చింది. ఆ సాయంత్రం ఎదురొడ్డున పొగ లేచింది. పొయ్యిల పొగ కాదమ్మా. ఊరే తగలబడుతోంది.

మర్నాడు తెల్లారేసరికి మంచు పడింది. ఎలాంటి మంచనుకున్నావు! ఆకాశం దిగొచ్చి ఏటి మీద పడుకున్నట్టు. ఒడ్డు లేదు, గట్టు లేదు, కాపలావాడు లేడు. అచ్చియ్యమ్మ మూట నెత్తిన కట్టుకుని, మళ్ళీ ఆ బుర్రలతోనే దిగింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ తెల్లదనంలోంచి ఒక్కొక్కటీ తేలుతూ వచ్చాయి. మొదట ఒక చేట వచ్చింది. ఆ తర్వాత ఎవరిదో తాటాకు గొడుగు వచ్చింది. ఆ తర్వాత ఒక ఖాళీ ఉయ్యాల వచ్చి, ఆవిడ భుజాన్ని మెల్లగా తాకి, తన దారిన తను వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని ఈదింది.

అప్పుడు కాళ్ళకి ఇసుక తగిలింది. ఎదురొడ్డు కాదు, ఏటి నడుమ లంక. మనిషెత్తు రెల్లుగడ్డి, గడ్డిలోంచి కళ్ళు! ఎదురూరి ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అటువైపు లోతు తక్కువ పాయలోంచి నడిచొచ్చి అక్కడ దాక్కున్నారు.

"పిన్నీ, అచ్చియ్యమ్మ పిన్నీ, ఇటు రా!" అని ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు.

రెల్లు పరుపు మీద లోవతల్లి నొప్పులు పడుతోంది.

"అమ్మా, ఆయన్ని తోలుకుపోయారే. ఇల్లు కూడా పోయింది."

"నేనొచ్చాను కదా. నా మెడ పట్టుకో. గట్టిగా పట్టుకో."

లోవతల్లి పంటి బిగువున కేక ఆపుకుంది. అరిస్తే రెండు గట్ల మీదా బాణాలున్నాయి. కానీ అప్పుడే పుట్టిన బిడ్డకి ఆ సంగతి ఎవరు చెప్తారు? కేరుమంది. రెండు ఒడ్లకీ వినపడింది. అందరూ బిడ్డకి అడ్డంగా వంగారు.

బాణం రాలేదు. ఇటునుంచి రాలేదు, అటునుంచి రాలేదు. ఎందుకు రాలేదో నాకూ తెలీదు కన్నా. మంచు అడ్డొచ్చిందో, మనసు అడ్డొచ్చిందో.

ఆ తర్వాత కొన్నాళ్ళకి రాజులిద్దరూ రాజీ పడ్డారు. ఒకే పందిట్లో కూచుని తాంబూలాలు మార్చుకున్నారట. మగవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒకడు చెయ్యి లేకుండా వచ్చాడు. ఒకడు మాట లేకుండా వచ్చాడు. నూకరాజు అసలు రాలేదు.

"మనింటికి పోదాం రావే" అంది అచ్చియ్యమ్మ.

"ఇక్కడే ఉంటానమ్మా. ఆయన ఏ ఒడ్డున దిగినా ఇక్కణ్ణుంచి కనపడతారు."

తల్లి సరేనంది. అక్కడే రెల్లుతో పాక వేసింది. లోవతల్లి పొద్దున ఈ ఒడ్డుకేసి, మధ్యాహ్నం ఆ ఒడ్డుకేసి చూస్తూ కూచునేది. ముద్ద కలిపి పెడితే తినేది. పిల్లకి పాలిచ్చేటప్పుడు కూడా చూపు నీళ్ళ మీదే. అచ్చియ్యమ్మ అది చూస్తూ అనుకునేది: యుద్ధం అయిపోయిందన్నారు గానీ, తన పిల్ల కళ్ళలో ఎక్కడ అయిపోయింది?

వచ్చాడా అమ్మమ్మా అంటావు. రాలేదు బంగారం. నీకు అబద్ధం చెప్పను.

బుజ్జిపిల్ల పాకింది, నిలబడింది. ఆ తర్వాత ఒకరోజు ఇసుకలో తప్పటడుగులు వేసి, దబ్బున కూలబడి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి లోవతల్లి వెనక్కి తిరిగింది. తిరిగి, ఏటికి వీపు పెట్టి కూచుంది. రెండు చేతులూ చాచి, "రా తల్లీ, రా, నా దగ్గరికి రా" అంది.

వల అల్లుతున్న అచ్చియ్యమ్మ చేతులు ఆగిపోయాయి. కూతురి గొంతు అలా విని ఎన్నాళ్ళయిందో!

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
ఇల్లు కాలినోళ్ళు మన పంచకి,
నిద్దరమ్మ నీ కంటికి.