గండిలో వేసిన రాజుగారి బస్తాలు

తుమ్మలకోటను ఏలే గోకర్ణుడు మంచివాడే కానీ, రాజ్యంలో ఏ పని జరిగినా తన చేతి మీదుగానే జరగాలని పట్టుబట్టేవాడు. అంతకుముందు పన్నుగా వచ్చిన ధాన్యంలో కొంత ఏ ఊరిది ఆ ఊరి గాదెలోనే ఉండేది. వానలకు ముందు కరకట్ట బాగుచేసేవాళ్లకు ఆ గింజలే కూలి. గోకర్ణుడు ఆ వాటా కూడా కోటకు తోలించాడు. "ఏం కావాలన్నా నన్ను అడగండి, నేనిస్తాను," అన్నాడు. ఇచ్చినప్పుడల్లా జనం జేజేలు కొడుతుంటే ఆయనకు కడుపు నిండిపోయేది.

ఏటి ఒడ్డున ఉన్న రేవుపాలేనికి అక్కమాంబ పెద్ద. ఆ ఏడు కట్ట బాగుకు గింజలు కావాలని ఆమె కోటకు మనిషిని పంపింది. అక్కడ అలాంటి విన్నపాలు కుప్పలుగా పడి ఉన్నాయి. అన్నీ రాజుగారే వినాలి మరి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టే తీరిక లేదు. ఈలోగా వానలు వచ్చేశాయి.

చివరికి గోకర్ణుడే బండ్ల మీద ధాన్యం వేయించుకుని, రాణినీ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని రేవుపాలెం వచ్చాడు. స్వయంగా పంచాలని ఆయన సరదా. బస్తాలు దించారో లేదో, ఏరు పొంగింది. బాగుచేయని కట్టకు గండి పడింది. చూస్తుండగానే అది పెద్దదవుతోంది. ఊరి వెనక వాగు కూడా పొంగి, బయటికి దారి లేకుండా పోయింది. బిడ్డను పొదువుకున్న రాణిని చూసి రాజు అక్కమాంబ దగ్గరికి పరుగెత్తాడు.

"ఎలాగైనా గండి పూడ్చండి," అన్నాడు.

"మట్టి వేసింది వేసినట్టే కొట్టుకుపోతోంది ప్రభూ. ఇప్పుడు గోతాల్లో మట్టి నింపి కుట్టే వ్యవధి లేదు, నింపి ఉన్న బస్తాలే కావాలి. మా గాదె ఖాళీ. ఉన్నవి మీరు తెచ్చినవే," అంది అక్కమాంబ.

"తినే గింజల్ని ఏట్లో వేయమంటావా?"

"వేయకపోతే ఏరే ఊళ్లోకి వస్తుంది. ఈ కట్ట సంగతి మాకు తెలుసు. ఈ ఒక్కసారికి మాకు వదిలేయండి."

రాజు బిడ్డ వైపు చూసి తలూపాడు. ఊరంతా వరుసగా నిలబడి బస్తాలు అందించింది. తడిసిన ధాన్యం ఉబ్బి, బస్తాలు ఒకదానికొకటి బిగుసుకున్నాయి. గండి మూసుకుంది. ఏరు తగ్గుముఖం పట్టాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాజు బిడ్డను గుండెకు హత్తుకుని, నలుగురూ చూస్తున్నారన్న బిడియం కూడా లేకుండా ఏడ్చేశాడు.

"ఇక కోటకు గింజ కూడా పంపొద్దు. అంతా మీరే ఉంచుకోండి," అన్నాడు.

అక్కమాంబ నవ్వింది. "అదీ వద్దు ప్రభూ. రేపు పంట ఎండిన ఊరికి ఎవరు పెడతారు? ఆ పని మా వల్ల కాదు, మీరే చేయాలి. మా కట్టకు సరిపడా మాకు వదలండి, చాలు."

రాజు అన్ని ఊళ్లకూ అలాగే ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడు వానలకు ముందే కట్టలన్నీ బాగయ్యాయి. ఏరు పొంగినా రేవుపాలెం నుంచి కోటకు ఒక్క కబురూ రాలేదు. గోకర్ణుడు చాలా ఏళ్ల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

నీతి: ఊరి పని ఊరికీ, రాజ్యం పని రాజుకూ అప్పగించాలి; ఎవరి పనికి తగ్గ వాటా వారి చేతిలో ఉంటేనే ఊరూ రాజ్యమూ రెండూ నిలుస్తాయి.